నక్క ఊళ పెడితే నక్క ఎందుకొస్తుంది?

[ఆడియో: పది సెకన్ల ఊళ]

విన్నారు కదండీ? హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్ళు ఇంకోసారి వినండి. మొదట్లో ఒక్కటే సన్నగా మొదలెట్టింది, తర్వాత గొంతు విరిగి కిచకిచలాడింది, చివర్లో ఓ ఐదారు కలిసినట్టు అనిపించింది. మన సరుగుడు తోటల్లో పొద్దుగూకాక వినపడేది ఇదే కదా అనుకుంటారు. కాదు. ఇది అమెరికాది. కయోటీ అంటారు. తోడేలుకి చిన్న, మన నక్కకి కాస్త పెద్ద. వరసకి పెదనాన్న కొడుకు అనుకోండి.

నమస్తే అందరికీ. ఇవాళ ఈ టాపిక్ ఎందుకంటే, పోయిన నెలంతా నాకు ఒకటే రీల్ వచ్చింది. ఒకరు కాదు, చాలామంది పంపారు. ఆకుల డ్రెస్సు వేసుకున్న ఒకాయన పొలంలో కూర్చుంటాడు, రిమోట్ నొక్కుతాడు, దూరంగా పెట్టిన స్పీకర్ ఊళ వేస్తుంది, రెండు నిమిషాల్లో కయోటీ పరిగెత్తుకుంటూ వచ్చేస్తుంది. తర్వాత తుపాకీ. కింద మనవాళ్ళ ప్రశ్న: "అన్నా, మన రాజోలు సైడు నక్కలు కూడా ఇలా వస్తాయా?"

వస్తాయండీ. దాచడమెందుకు. అయితే ఎందుకొస్తాయి, మన దగ్గర ఈ విద్య ఎవరి చేతిలో ఉండేది, ఈ రీల్ చూసి మన పక్కనే లంకలో ఒక తమ్ముడు ఏం చేశాడు, అన్నీ చెప్తాను. ఆ తమ్ముడి సంగతి చివర్లో ఉంది, స్కిప్ చేసి వెళ్ళకండి. ముందుది వింటేనే అది అర్థమవుతుంది.

ముందు అమెరికా సంగతి. అక్కడ చాలా రాష్ట్రాల్లో కయోటీని ఏడాది పొడవునా వేటాడొచ్చు. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని రైతులకి కోపం. అందుకే పిలిచి కొట్టడం అక్కడ పెద్ద హాబీ, పెద్ద వ్యాపారం కూడా. నోట్లో పెట్టుకుని ఊదే పీకలున్నాయి, అంగిట్లో అతుక్కునే సన్నటి రేకులున్నాయి, వందల అరుపులు నింపిన రిమోట్ స్పీకర్లున్నాయి. అరుపులు రెండు రకాలు. ఒకటి తిండి అరుపు: దెబ్బతిన్న కుందేలు ఏడ్చినట్టు. ఆకలి మీదున్నది వస్తుంది. రెండోది సొంత భాష: ఊళ. దీనికి వచ్చేది ఆకలి మీద కాదు. "నా ఏరియాలో ఎవడ్రా అది?" అని వస్తుంది, లేదంటే జోడీ వెతుక్కుంటూ వస్తుంది. పిల్ల ఏడుపు పెడితే తల్లీ తండ్రీ ఇద్దరూ వస్తారు. వినడానికే బాధగా ఉంటుంది నాకైతే.

కయోటీ అరుపుల్ని కూర్చుని లెక్కపెట్టిన శాస్త్రవేత్త ఉన్నాడు, లేనర్ అని. 1978లో 11 రకాలుగా విడదీశాడు. గుర్రు, మొరుగు, కుయ్యిమనడం, ఒంటరి ఊళ, గుంపు ఊళ... ఇలా. గుంపు ఊళలో ఒక మోసం ఉంది చూడండి. రెండే ఉంటాయి, కానీ గొంతు పైకీ కిందకీ అంత వేగంగా మార్చేస్తాయి, వినేవాడికి ఆరేడు ఉన్నట్టు అనిపిస్తుంది. మన నక్కలు కూడా అంతే. "నిన్న రాత్రి గట్టు మీద ఇరవై నక్కలు కూశాయండీ" అని ఎవరన్నా చెప్తే నాలుగుతో భాగించుకోండి.

వేటగాళ్ళు పిలిచేటప్పుడు గాలి చూసుకుంటారు. ఎందుకంటే కయోటీ చెవితో విన్నది ముక్కుతో చెక్ చేసుకుంటుంది. తిన్నగా రాదు. చుట్టూ తిరిగి, గాలి తన వైపు వీచే చోటికి వచ్చి, వాసన పట్టి, అప్పుడు నిర్ణయించుకుంటుంది. అందుకే స్పీకర్ దూరంగా, మనిషి వేరే చోట. మొదట చిన్న సౌండు, ఆ తర్వాత మౌనం. అన్నిటికన్నా కష్టం ఆ మౌనమేనంట. కొత్తవాళ్ళు ఆపకుండా వాయిస్తూనే ఉంటారు, జంతువుకి డౌటొచ్చి వెళ్ళిపోతుంది.

ఇక మనూరు వద్దాం.

మనం "నక్క" అంటే ఇంగ్లీషు వాళ్ళ జాకల్. వాళ్ళ ఫాక్స్ మన గుంటనక్క. గూగుల్‌లో నక్క అని కొడితే ఎర్రటి ఫాక్స్ బొమ్మ వస్తుంది, దాన్ని నమ్మకండి. మన నక్క ఎనిమిది నుంచి పదకొండు కిలోల దాకా ఉంటుంది, ఊరకుక్క కన్నా సన్నగా, కాళ్ళు పొడుగ్గా. ఆడా మగా జంటగా బతుకుతాయి, జంటగానే ఊళ వేస్తాయి. పెద్దవి నిలబడి వేస్తే, పిల్లలు కూర్చుని వేస్తాయి. ఫిబ్రవరి, మార్చి వాటికి జతకట్టే కాలం, అప్పుడు గోల ఎక్కువ. రెండు నెలలకి పిల్లలు. మన అంతర్వేది, శంకరగుప్తం వైపు మడల్లో, ఇసక దిబ్బల మీద సరుగుడు తోటల్లో వీటికి తిండికి లోటు లేదు. పీతలు తింటాయి, ఎలుకలు తింటాయి, చచ్చిన చేప తింటాయి. తీరంలో తాబేలు గుడ్లు దొరికితే తవ్వి తినేస్తాయి, అది మాత్రం నాకూ నచ్చదు. అవతల కోరంగి అభయారణ్యంలో మడ అడవిలోనూ నక్కలున్నాయి, బావురు పిల్లులతో పాటు. వరి చేలో ఎలుకల మందుకి రైతు ఎంత పెడతాడో మీ నాన్నగార్ని అడగండి. ఆ పని నక్క ఉత్తినే చేస్తుంది.

మరి వీటిని పిలిచే విద్య ఎవరిది? రీల్స్ వాళ్ళది కాదు. వందేళ్ళ పైనుంచి మన దగ్గరే ఉంది. నక్కలవాళ్ళు. కొన్నిచోట్ల పిట్టలోళ్ళు అంటారు, తమిళంలో నరికురవర్. తీర్థాల్లో పూసల దండలు, సూదులు, పిన్నులు పరుచుకుని కూర్చుంటారు చూడండి, వాళ్ళు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది తెలుగూ కాదు, తమిళమూ కాదు. వాగ్రి బోలి అంటారు, గుజరాతీకి చుట్టం. వాళ్ళని నక్కలవాళ్ళు అన్నది మనమే, వాళ్ళ పని చూసి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆయన దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. నక్కలా కూసి, నక్కల్ని రప్పించి, వలలో పట్టే వీళ్ళ వేట గురించి అందులో ఉంది. స్పీకర్ లేదు, బ్యాటరీ లేదు. గొంతు, వల, అంతే.

పోయిన మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయనతో మాట్లాడాను. పూసలు అమ్ముకుంటున్నారు. వీడియో వద్దన్నారు, పేరూ వద్దన్నారు. సరే అన్నాను. "తాతా, మీరు నక్కని పిలిచేవారా?" అంటే నవ్వి, "నేను కాదు బాబూ, మా అయ్య" అన్నారు. వాళ్ళ నాన్న ఎలా పిలిచేవాడో చెప్పారు. రెండు చేతులూ దొప్పలా నోటికి అడ్డం పెట్టి, నేల వైపు తల వంచి ఊళ వేసేవాడంట. తల పైకెత్తితే ఎక్కడినుంచి వస్తుందో నక్కకి తెలిసిపోతుందంట, నేలకేసి వేస్తే దిక్కు తెలియదంట. ఒకసారి వేసి, బీడీ కాల్చేంతసేపు ఊరుకునేవాడు. కాల్చేవాడు కాదులెండి, వాసనొస్తుందిగా. అంతసేపు అని లెక్క.

"మీరు నేర్చుకోలేదా?" అన్నాను. "నేర్చుకుని ఏం చేయాల? జైలుకి పోవాలా?" అన్నారు. కోపంగా కాదు. మామూలుగా, ఈ రోజు బేరం ఎలా ఉందో చెప్పినట్టే చెప్పారు. నాకు ఆ మాట చాలాసేపు వదల్లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వాళ్ళ పని నేరమైపోయింది. చట్టం అవసరమే, నేను కాదనను. కానీ ఆ చట్టంతో ఎవరి బతుకు మారిపోయిందో వాళ్ళకి బదులు పని ఏం చూపించారు? మన రాష్ట్రంలో వాళ్ళు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి ఎక్కింది 2003లో వచ్చిన సవరణ చట్టంతో. తమిళనాడులో అయితే 2022 డిసెంబరులో పార్లమెంటు ఒప్పుకున్నాక. అంటే వేట ఆపమని చెప్పిన ముప్ఫై ఏళ్ళకి ఒకచోట, యాభై ఏళ్ళకి ఇంకోచోట. నేనైతే దీన్ని ఆలస్యం అని సరిపెట్టుకోలేను.

సరే, కొంచెం కథలోకి వెళ్దాం. పంచతంత్రంలో నీలి నక్క గుర్తుందా? చాకలి నీలి తొట్టెలో పడి రంగు మారిపోయింది, అడవికి రాజైపోయింది. సింహాలూ పులులూ దండాలు పెట్టాయి. చివరికి ఎలా దొరికిపోయింది? ఎవరూ కడగలేదు, రంగు పోలేదు. దూరంగా నక్కలు ఊళ వేశాయి, ఇది ఆపుకోలేక తనూ ఊళ వేసింది. చిన్నప్పుడు "నీతి" అని చెప్పి వదిలేశారు మనకి. కానీ రాసినాయన నక్కని బాగా చూసి ఉంటాడు. ఊళ వింటే బదులివ్వకుండా ఉండడం నక్కకి నిజంగానే కష్టం. అమెరికా వాళ్ళ రిమోట్ స్పీకరూ, ఈ తాతగారి అయ్య దొప్ప చేతులూ, రెండూ పని చేసింది ఆ ఒక్క బలహీనత మీదే.

బలహీనత అన్నాను గానీ, అది దానికి అడ్రస్ లాంటిది. "నేను ఇక్కడున్నా, నా జోడీ ఇక్కడుంది, ఈ గట్టు మాది" అని రోజూ చెప్పుకోవాలి. చెప్పకపోతే పక్కవాళ్ళు వచ్చేస్తారు. పులిది కూడా అంతే. 1938 నవంబరులో కుమావూ కొండల్లో ఠాక్ అనే ఊరి దగ్గర జిమ్ కార్బెట్ ఒక మనుషుల్ని తినే ఆడపులిని ఇలాగే రప్పించాడు. అది తోడు కోసం పిలుస్తోంది. ఈయన మగపులిలా బదులిచ్చాడు. అది అరుచుకుంటూ చీకటి పడేవేళకి ఎదురుగా వచ్చేసింది. ఆయన ఆ కథ గొప్పగా రాశాడు. కానీ అక్కడ ఒక కారణం ఉంది: ఊళ్ళో మనుషులు చచ్చిపోతున్నారు. రీల్ కోసం కాదు.

ఇప్పుడు ఆ తమ్ముడి సంగతి. ఊరు చెప్పను, వాళ్ళింట్లో అడిగే చెప్తున్నాను. ఇంటర్ చదువుతున్నాడు. వాట్సాప్‌లో ఒకడు తగిలాడు. "నక్క కొమ్ము దొరికితే రెండు లక్షలు" అని. మీరూ విని ఉంటారు, నక్క తలలో చిన్న కొమ్ము ఉంటుంది, అది పర్సులో పెట్టుకుంటే డబ్బే డబ్బు అని. "నక్క తోక తొక్కొచ్చాడు" అంటాం కదా అదృష్టవంతుణ్ణి, అలాంటి నమ్మకమే ఇది, కాకపోతే దీనికి మార్కెట్టు ఉంది. నక్కకి కొమ్ము లేదండీ. ఉండదు. అమ్మేవి చర్మం ముక్క, వెంట్రుకలు కలిపి కుట్టినవి. థర్‌స్టన్ కాలంలోనే దొంగ కొమ్ములు అమ్మేవారు. పక్కన శ్రీలంకలో కూడా ఇదే పిచ్చి ఉంది.

మనవాడికి రీల్ ఒకటి, ఈ మెసేజ్ ఒకటి, రెండూ కలిశాయి. ఆన్‌లైన్‌లో కయోటీ ఊళ డౌన్‌లోడ్ చేశాడు. ఇద్దరు ఫ్రెండ్స్, ఒక బ్లూటూత్ స్పీకర్. పుంత పక్కన బైండింగ్ వైరుతో నాలుగు ఉచ్చులు పెట్టారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఫుల్ సౌండ్‌లో వాయించారు. నక్కలు బదులిచ్చాయంట, దూరం నుంచి, రెండుసార్లు. రాలేదు. ఎవరొచ్చాయో తెలుసా? ఊళ్ళో కుక్కలు. ఊళ వింటే కుక్కలు ఊరుకుంటాయా? అన్నీ కలిసి వచ్చి పడ్డాయి. ఒకటి ఉచ్చులో ఇరుక్కుంది. వైరు మెడకి బిగిసి అది కొట్టుకుంటుంటే, మనవాడు మంచోడే, భరించలేక విడిపించడానికి వెళ్ళాడు. చెయ్యి కొరికేసింది. లోతుగా.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? "ఉచ్చు ఎందుకు పెట్టావురా" అంటారు కదా. పసుపు పెట్టుకుని, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని తిరిగాడు. మూడో రోజు నాకు మెసేజ్. "అన్నా, కుక్క ఆరోగ్యంగానే ఉంది, సూది అవసరమా?" అని. ఆ మెసేజ్ చూసినప్పుడు నేను తణుకులో ఉన్నాను. బండి తిప్పేశాను.

ఇది జాగ్రత్తగా వినండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మొదలవక ముందు సూది వేస్తే దాదాపు అందరూ బతుకుతారు. మధ్యలో ఇంకేమీ లేదు. కుక్కైనా, నక్కైనా, పిల్లైనా కొరికిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏమీ వద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి. సూదులు 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. ఉచితం. ఆలస్యమైనా వెళ్ళాలి, "మూడు రోజులైపోయింది ఇంకెందుకు" అనుకోకూడదు. మనవాడికి వేయించాం. వాళ్ళమ్మ ముందు నన్ను తిట్టింది, తర్వాత కాఫీ ఇచ్చింది. నాలుగు సూదులూ పూర్తయ్యాయి, బాగున్నాడు. ఆ కుక్క కూడా బతికే ఉంది, మెడ మీద వైరు మచ్చ ఉంది దానికి.

వాట్సాప్ వాడి సంగతి కూడా చెప్పాలిగా. "కొమ్ము టెస్టింగ్‌కి ముందు 5,000 పంపు" అన్నాడంట. మీకు అర్థమైపోయి ఉంటుంది. వాడికి నక్క అక్కర్లేదు, ఆ ఐదు వేలే కావాలి.

కానీ ఒకవేళ నిజంగా ఉచ్చులో నక్కే పడి ఉంటే? మన నక్క ఇప్పుడు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2022లో చట్టం సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పులి ఉన్న లిస్టులోనే నక్క కూడా. మొదటి షెడ్యూల్ జంతువుని వేటాడితే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువైతే ఏడేళ్ళు జైలు, 25,000కు తగ్గకుండా జరిమానా. ఇంకో మాట, చాలామందికి తెలియనిది: చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. నక్క రాకపోయినా సరే. ఆ నలభై రూపాయల బైండింగ్ వైరుకి మూడేళ్ళు. ఇంటర్ పోయింది, పాస్‌పోర్టు పోయింది, గల్ఫ్ పోయింది.

"అన్నా, ఉచ్చు పెట్టం, ఊరికే స్పీకర్‌లో పెట్టి వీడియో తీస్తాం" అని అడిగేవాళ్ళున్నారు. కోరంగి లాంటి అభయారణ్యంలో అయితే జంతువుల్ని ఆటపట్టించడం కూడా నేరమే. బయట మన గట్ల మీద అంటే... నా అభిప్రాయం చెప్తాను, మీ ఇష్టం. ఫిబ్రవరి, మార్చిలో మీరు ఒక ఊళ పెడితే ఆ జంటకి అది "వేరే జంట వచ్చేసింది" అని వార్త. అవి వేట మానేసి తిరుగుతాయి. పిల్లలున్న టైములో అయితే గుంటని వదిలి వస్తాయి. కుక్కలు ఎటూ వస్తాయి. కుక్క, నక్క కొట్టుకుంటే రేబిస్ అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ పోతుంది. పదిహేను సెకన్ల రీల్‌కి ఇంత తతంగం అవసరమా అని నాకనిపిస్తుంది.

ఊళ పెట్టి పిలవడంలో మంచి పని లేదా అంటే, ఉంది. శాస్త్రవేత్తలు నక్కల్ని లెక్కపెట్టేది ఇలాగే. గ్రీసు, హంగరీ లాంటి దేశాల్లో రాత్రిపూట రికార్డు చేసిన గుంపు ఊళని అర నిమిషం వినిపిస్తారు, కొన్ని నిమిషాలు మౌనంగా ఉంటారు, ఎటునుంచి ఎన్ని బదులొచ్చాయో దిక్సూచితో రాసుకుంటారు. దాదాపు రెండు కిలోమీటర్ల దాకా బదులు పట్టుకోవచ్చు. బంగ్లాదేశ్‌లో కూడా నక్కల ఊళల మీద పరిశోధన జరిగింది, అక్కడా మనలాంటి డెల్టానే కదా. కానీ వాళ్ళు అనుమతి తీసుకుని, ఒకచోట ఒకసారి చేసి వెళ్ళిపోతారు. రోజూ వాయించరు. రోజూ వాయిస్తే నక్కకి కూడా తెలిసిపోతుంది, ఇక పలకదు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే, పిలవకండి, వినండి. ఫోన్ చాలు. మేడ మీదకెక్కి, పొద్దుగూకాక ఓ అరగంట, తెల్లవారకముందు ఓ అరగంట. మసీదు అజాన్‌కో, ఫ్యాక్టరీ సైరన్‌కో నక్కలు బదులిచ్చే ఊళ్ళున్నాయి, అది కూడా గమనించండి. వినపడితే రికార్డర్ ఆన్ చేయండి. తేదీ, టైము, ఎటువైపు నుంచి, ఒకటా గుంపా, నాలుగు ముక్కలు రాసి నాకు పంపండి. సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, రాజోలు, ఈ నాలుగు మండలాల నుంచీ వస్తే ఒక మ్యాప్ వేద్దాం. కచ్చితమైన చోటు మాత్రం కామెంట్స్‌లో పెట్టకండి, మెసేజ్‌లోనే పంపండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు, ఆ రెండు లక్షల వాడు కూడా కామెంట్స్ చదువుతాడు.

ఉచ్చులు కనపడితే మీరు పీకబోకండి, ఫొటో తీసి అటవీశాఖ వాళ్ళకి చెప్పండి. అందులో ఏదైనా ఇరుక్కుని ఉంటే అసలు చెయ్యి పెట్టకండి.

వచ్చే వారం బావురు పిల్లి. చేపల చెరువుల వాళ్ళు ఇప్పటికే నా మీద కోపంగా ఉన్నారు, వాళ్ళ మాట కూడా వినిపిస్తాను. ఉంటానండీ మరి. ఆయ్!